తెల్లకాగితం చదివించినవాడు

ఎమ్మిగనూరులో నాది ఒక చిన్న అచ్చాఫీసు. నేతవాళ్ళ లేబుళ్ళు, పెళ్ళి పత్రికలు, దినాల కార్డులు, ఇవే మా పని. మొన్నొక పొద్దున ఈ ఊళ్ళోనే బ్యాంకులో పనిచేసే ఒకాయన వచ్చి, దినాల కార్డు వేయాలని కాగితం చేతికిచ్చాడు. పోయినవాళ్ళ పేర్లు రోజూ చూసే కళ్ళు నావి. ఏ పేరు దగ్గరా ఆగవు. ఆ పేరు దగ్గర ఆగాయి. కింద, "ఆదోని, విశ్రాంత చరిత్ర అధ్యాపకులు" అని ఉంది.

"మా చిన్నాయనప్పా. రెండు మంచి మాటలు మీరే రాసి ఎయ్యండి. మీకు అలవాటే గదా," అన్నాడు ఆయన.

"ఏం రాయమంటారు?"

"క్రమశిక్షణకు మారుపేరు అని ఎయ్యండి. అందరూ అదే అంటాండారు."

వేశాను. నా పని అది. పోయినాయన మీద ఇప్పుడెందుకు కోపం అంది నా భార్య, ఆ సాయంత్రం నా మొహం చూసి. ఆయన బతికుండగా చెప్పే ధైర్యం లేక కదా ఇప్పుడు! కార్డులో పట్టని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి. అవి రాస్తాను. పేరు మాత్రం రాయను. కార్డు మీద ఒకసారి వేశాను, అదే ఎక్కువ.

డెబ్బైల చివర్లో నేను ఆదోనిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్ని. కేసు అనే గళ్ళ పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి, మాటలుగా కూర్చే పని. ఓనరు శెట్టి. మిషన్ మీద ఈరన్న. కంపోజింగ్‌కు నేనూ, మా అందరికీ పెద్ద అయిన ఖాదర్ సాబూ. ఆయన్ని నేను చిచ్చా అనేవాణ్ణి. నాకు పని నేర్పినవాడు ఆయనే.

ఆ కార్డు మీది మనిషి, ఈయన, మొదటిసారి మా ప్రెస్సుకు వచ్చింది పత్తి సీజన్లో. ఆ నెలల్లో ఆదోనిలో గాలి నిండా దూదే. మిల్లుల నుంచి లేచి చెవుల్లో, కనురెప్పల మీద, అన్నంలో, అంతటా పడుతుంది. ఊళ్ళో ఎవరికీ పట్టదు. ఈయనకు పట్టేది. జేబులో చిన్న బ్రష్ ఒకటి పెట్టుకుని తిరిగేవాడు. గుమ్మంలో నిలబడి ఎడమ భుజం మూడుసార్లు, కుడి భుజం మూడుసార్లు దులుపుకుని, బూట్లు నేలకు టక్కున కొట్టి గానీ లోపలికి అడుగు పెట్టడు. నెత్తిన మండే ఎండలో మోకాళ్ళ దాకా మేజోళ్ళు! కాలేజీలో చరిత్ర పాఠంతో పాటు పిల్లలకు కవాతు కూడా ఈయనే చేయించేవాడు. ఈయన చూసిన సైన్యమల్లా చెక్క తుపాకుల సైన్యం. యుద్ధమంటే రైల్వే స్టేషన్ వెనక మైదానంలో ఆదివారం ఎండలో పిల్లలు సొమ్మసిల్లి పడిపోవడం. మేము వెనకాల "మేజర్" అనేవాళ్ళం. ఆ సంగతి తెలిసి మురిసిపోయాడని శెట్టి చెప్పాడు.

తెచ్చిన కట్ట విప్పి బల్ల మీద పెట్టాడు. ప్రష్యా సైన్యంలో పనిచేసిన ఒక అధికారి జీవిత చరిత్ర. వందేళ్ళ కిందటి మనిషి. ఇంగ్లీషు పుస్తకాలు నాలుగైదు చదివి ఈయనే తెలుగులో రాశాడట.

"ప్రష్యా అంటే యాడ సార్?" అన్నాడు ఈరన్న.

"జర్మనీ దేశాన్ని నిలబెట్టిన రాజ్యం."

"రాయచూరు మీంద పోవల్లనా?"

శెట్టి పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఈయన నవ్వలేదు. ఈరన్న వైపు నిలువునా ఒకసారి చూసి, "ఈ బెటాలియన్‌తో నా పుస్తకం అయినట్టే," అన్నాడు. అప్పటినుంచి మా పేరు బెటాలియనే. "బెటాలియన్, ప్రూఫు ఎక్కడ?" "బెటాలియన్, ఎవడు బీడీ ముట్టించింది?" ప్రూఫులు కుర్చీలో కూర్చుని చదవడు. నిలబడి చదువుతాడు. ఆయన నిలబడి చదువుతుంటే ఎవరూ కూర్చోకూడదు. ఖాదర్ చిచ్చా మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆయన్ని కూడా నిలబెట్టేవాడు. చదవడం అయ్యాక కాగితం మాకు ఇవ్వడు, బల్ల మీద పడేసి వేలితో రెండుసార్లు తడతాడు. వచ్చి తీసుకోవాలన్నమాట. ఛీ, ఆ వేలి చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒక ఏడాది పాటు ఆ ప్రష్యా ఆయన జీవితాన్ని మేము అక్షరం అక్షరం పేర్చాం. మా ఇంట్లోవాళ్ళ సంగతులు కూడా నాకు అంత బాగా తెలియవు. ఇసుక నేలల్లో ఎకరాలుండీ పంట లేని ఒక పేరుగొప్ప కుటుంబంలో పుట్టాడు. పదేళ్ళకే సైనిక బడిలో వేశారు. చలికాలం గడ్డకట్టిన నీళ్ళు పగలగొట్టుకుని మొహం కడుక్కోవాలట. పద్దెనిమిదేళ్ళకు లెఫ్టినెంట్. డెన్మార్కు మీద ఒక యుద్ధం, ఆస్ట్రియా మీద ఒకటి, ఫ్రాన్సు మీద ఒకటి. మోకాలికి తూటా తగిలితే, తన దళం నది దాటిందాకా నోరెత్తకుండా ముందు నడిచాడు. పెళ్ళి చేసుకోలేదు. మేజరుగానే ఆగిపోయాడు, ఆపైకి ఎక్కలేదు. ముసలితనంలో ఒక చిన్న ఊళ్ళో, రోజూ ఒకే దారిన, ఒకే వేళకు నడుస్తూ బతికి, మంచం మీద పోయాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషి మీద నాకు కోపం లేదు. తూటా ఆయన మోకాట్లోనే దిగింది కదా. తూటా దిగకుండా ఆ కుంటి నడక నడిచినవాడి మీదే నా కోపం.

అవును, కుంటి నడక! ఆ అధ్యాయం అచ్చుకు వచ్చిన వారం నుంచి ఈయన కుడికాలు కాస్త ఈడ్చి నడవడం మొదలుపెట్టాడు. ఈరన్న ముందు చూసి నన్ను గిల్లాడు.

ఆ పుస్తకంలో ఈయనకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. ఆస్ట్రియా యుద్ధంలో, ఆ అధికారి దగ్గరే ఇరవై ఏళ్ళు పనిచేసిన ఒక ముసలి సిపాయి కాపలా కాస్తూ కునుకు తీశాడు. అధికారి అతని గుండీలు తన చేత్తోనే తెంచి, అందరి ముందూ దళం లోంచి వెళ్ళగొట్టాడు. తర్వాత గుడారంలోకి పోయి ఒంటరిగా ఏడ్చాడు. ఈ పేజీ ప్రూఫు ఈయన మా అందరికీ బిగ్గరగా చదివి వినిపించాడు. చదువుతుంటే గొంతు వణికింది. "అర్థమైందా బెటాలియన్? ఏడుపు గుడారంలోనే. బయట ఆజ్ఞ ఒక్కటే."

"ఆ ముసిలాయన యాడికి పోయినాడు సార్, ఆ తర్వాత?" అని అడిగాడు ఖాదర్ చిచ్చా.

"ఎవరు?"

"గుండీలు తెంపిరి గదా, ఆయనే. ఊరుకాని ఊర్లో."

"అది చరిత్రకు అనవసరం," అన్నాడు ఈయన.

ఇప్పుడు చిచ్చా కళ్ళ సంగతి చెప్పాలి. రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. కంటి డాక్టరు చూసి, పొర ఇంకా పండలేదు, రెండు నెలలాగి రా, అప్పుడు కోసి తీస్తాను అన్నాడు. ఆ రెండు నెలలు నెట్టుకు రావాలి. ఆయన సంపాదన మీదే ఇల్లు. సెలవు పెడితే శెట్టి ఇంకొకర్ని పెట్టుకుంటాడు, తర్వాత ఎవరు పిలుస్తారు? అందుకని నేనూ ఈరన్నా కూడబలుక్కున్నాం. చిచ్చాకు గళ్ళ పెట్టెలో ఏ అక్షరం ఎక్కడుందో కళ్ళు అక్కర్లేదు, వేళ్ళకు తెలుసు. నేను రాతప్రతి నెమ్మదిగా పైకి చదివేవాణ్ణి, ఆయన పేర్చేవాడు. ఆయన ప్రూఫు నేను ముందు చూసి దిద్దేవాణ్ణి. శెట్టికి అనుమానం రాలేదు. వచ్చినా, పని జరుగుతోంది కాబట్టి నోరెత్తలేదేమో.

ఒక్క పని మాత్రం పూర్తిగా చిచ్చాదే. పెద్ద కాగితానికి ఒక పక్క ఎనిమిది పేజీలు, రెండో పక్క ఎనిమిది అచ్చువేసి, మడిస్తే పదహారు పేజీలు వరసగా రావాలి. ఇనుప చట్రంలో పేజీలు వరసగా పెట్టరు. నూరో పేజీ పక్కన నూటతొమ్మిది వస్తుంది. ఏది ఎక్కడో చిచ్చా పెట్టేవాడు, పొర వచ్చాక వేళ్ళతో అక్షరాలు తడిమి. మొదటి కాగితం అచ్చు కాగానే మడిచి, పేజీలు తిప్పి చూసి, "నడవనీ" అనేదీ ఆయనే. ఆయన ఆ మాట అనందే ఈరన్న మిషన్ నడపడు. అది మా ప్రెస్సు కట్టుబాటు.

ఆ రోజు చట్రంలో పేజీలు పెట్టే వేళకు ఈయన ఊడిపడ్డాడు. భుజాలు దులుపుకుని వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. చిచ్చా వేళ్ళతో అక్షరాలు తడుముతూ పెడితే ఈయనకు తెలిసిపోతుంది. నేను గబుక్కున ముందుకు పోయి, "నువ్వుండు చిచ్చా, నేను పెడతా," అని పేజీలు అందుకున్నాను. ఈయన నా వెనకాలే నిలబడి బ్రష్‌తో అరచేతిలో కొట్టుకుంటున్నాడు. టప్, టప్, టప్. ఆ చప్పుడుకు నా తల తిరిగింది. పక్కపక్కనే ఉండాల్సిన నూరూ నూటతొమ్మిదీ తారుమారు చేశాను. చేసింది నేనే. ఇందులో దాచేదేమీ లేదు.

అయితే ఏం, మొదటి కాగితం మడిచి చూస్తాడు కదా చిచ్చా, అనే పాత అలవాటు ధైర్యం నాది. నేను పెట్టాను కదా అనే ధైర్యం చిచ్చాది. ఆయన కాగితం మడిచాడు, ఒక్కొక్క పేజీ తిప్పాడు, తల ఊపాడు. "నడవనీ" అన్నాడు. ఈయన ముందర ఇంకేం చేస్తాడు! మధ్యాహ్నానికి కాగితాలన్నీ అచ్చయిపోయాయి.

మర్నాడు పొద్దున ఈయన వచ్చి, మడిచిన కాగితం తీసుకుని నిలబడి చదవసాగాడు. తొంభై తొమ్మిదో పేజీలో ప్రష్యా ఆయనకు ఫ్రాన్సు మీదికి కదలమని ఆజ్ఞ వచ్చింది. పేజీ తిప్పితే ఆయన మంచం మీద చచ్చిపోయాడు, గోతి దగ్గర మూడుసార్లు తుపాకులు పేల్చారు. ఎదుటి పేజీలో లేచి నది దాటుతున్నాడు. నాలుగైదు ఆకులు తిప్పాక, చావాల్సిన చోట కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేవాళ్ళం. ఈయన మొహం చూసి మా రక్తం ఇంకిపోయింది.

"లైన్లో నిలబడండి," అన్నాడు. నిలబడ్డాం. ముప్పై దాటిన ఈరన్న, తాత అయిన ఖాదర్ చిచ్చా, నేను. గోడకు వీపు ఆనించి బడిపిల్లల్లాగా నిలబడ్డాం. శెట్టి కూడా గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు.

"మడత చూసింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు చిచ్చా.

"చూసినావా?"

"సూసినా సార్."

ఈయన ఆ కళ్ళలోకి కాసేపు చూశాడు. తర్వాత బల్ల మీద ప్రూఫు కాగితాల దొంతర దగ్గరికి పోయి, పైనున్నది ఒకటి తీసి, మా దగ్గరికి వచ్చాడు. మెత్తగా అన్నాడు. అంత మెత్తగా మాట్లాడగలడని ఆరోజే తెలిసింది. "ఖాదర్ సాబ్, ఇదిగో నూరో పేజీ. ఒకసారి చదువు. వింటాను."

అది తెల్లకాగితం. ఇంకా మిషన్ ఎక్కని వట్టి కాగితం. నాకు కనిపిస్తోంది. ఈరన్నకు కనిపిస్తోంది.

చిచ్చా దాన్ని చేయి చాచి దూరం పెట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు, వెలుతురు వైపు కొంచెం తిప్పాడు. నూరో పేజీ ఆయన పేర్చినదే. నేను చదివి వినిపించినదే. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఆజ్ఞ అందిన మరుక్షణమే ఆయన తన బూట్లను తానే తుడుచుకొనెను. సేవకుని పిలువలేదు..." ఎక్కడా తడబడలేదు. బొటనవేలు ఒక్కొక్క వరసా కిందికి జరుపుతూ, ఆగాల్సిన చోట ఆగుతూ చదివాడు. ఈయన రాసిన ఆ బండరాతి తెలుగు చిచ్చా నోట్లో ఎంత బాగుందో! ఈరన్న నోరు తెరవబోయాడు. ఈయన వేలెత్తి గుడ్లురిమాడు. నేనైనా ఒక్క మాట అని ఉండాల్సింది. చిచ్చా, అందులో ఏమీ లేదు అని. గోడకు ఇంకొంచెం ఆనుకున్నాను.

పేరా చివరిదాకా చదవనిచ్చాడు దుర్మార్గుడు. అప్పుడు కూడా చిచ్చాతో చెప్పలేదు. శెట్టి వైపు తిరిగి, "శెట్టిగారూ, అది తెల్లకాగితం," అన్నాడు.

చిచ్చాకు వెంటనే అర్థం కాలేదు. కాగితం మీద వేళ్ళు వేసి నెమ్మదిగా నిమిరాడు. సీసం అక్షరాలతో అచ్చువేస్తే కాగితం మీద సన్నగా నొక్కు పడుతుంది. ఆ నొక్కు కోసం వెతుకుతున్నాడు. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. నున్నగా ఉంది. వేళ్ళు ఆగిపోయాయి.

"మడత సూసింది నేనే గదా సార్. తప్పు నాదే," అన్నాడు.

పేజీలు పెట్టింది ఎవరో చిచ్చాకు తెలుసు. నా వైపు మొహం కూడా తిప్పలేదు. ఈయన శెట్టితో, "ఈ మనిషి ఇక్కడుంటే నా పుస్తకమూ, కాలేజీ పనీ రెండూ ఇంకో ప్రెస్సుకు పోతాయి," అన్నాడు. శెట్టి గల్లా పెట్టెకు తాళం వేశాడు. "ఖాదరూ, రేపటినుంచి ఇంటికాడ రెస్టు తీసుకోప్పా," అన్నాడు చివరికి. చిచ్చా కిరసనాయిలుతో చేతుల మసి కడుక్కుని, తన తువ్వాలు తీసుకుని, గోడ పట్టుకుంటూ పోయాడు. ఈయన భుజాలు దులుపుకుని బయటికి నడిచాడు. గుడారంలోకి పోయి ఏడ్చాడో లేదో నాకు తెలియదు. మర్నాడు వచ్చినప్పుడు మాత్రం కళ్ళు బాగా నిద్రపోయిన కళ్ళలాగే ఉన్నాయి. ఆ ముసలి సిపాయి పేజీ రాసినప్పటినుంచీ ఈయనకు ఒక ముసలివాడు కావాల్సి వచ్చింది. మా చిచ్చా దొరికాడు.

చిచ్చా మరుసటి రోజు కూడా వచ్చాడు. ప్రెస్సుకు కాదు, ఎదురుగా టీ అంగడి బెంచీ మీదికి. మూడు రోజులు అట్లాగే వచ్చి కూర్చున్నాడు. "ఇంట్లో ఊపిరాడలేదు బేటా. మిషన్ సప్పుడు ఇంటాంటే ఎన్ని కాగితాలయినాయో తెలుస్తాది," అన్నాడు. నాలుగో పొద్దున ప్రెస్సుకు పోలేదు. నేరుగా ఈయన ఇంటికి పోయాను.

వరండాలో బూట్లు తుడుచుకుంటున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"సార్, ఆ రెండు పేజీలు తారుమారు చేసింది నేను. చిచ్చా కాదు," అన్నాను.

బ్రష్ ఆగలేదు. "తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"నీ వెనకాలే నిలబడి ఉన్నాను గదా. సీసంలో అక్షరాలు తిరగేసి ఉంటాయి, ఏది ఏ పేజీయో నాకు తెలీలేదు. పెట్టిన చేతులు ఎవరివో కూడా తెలీదా?"

"మరి ఆయన్నెందుకు సార్ తీయించినారు?"

"ఆయన కళ్ళు అయిపోయినాయి. నీ చేతులు ఇంకా ముప్పై ఏళ్ళు పనిచేస్తాయి. నిన్ను తీయిస్తే నా పుస్తకం ఆగిపోతుంది. ఎవర్నీ తీయించకపోతే ఎవరికీ భయం ఉండదు. ఇందులో ఆలోచించేదేముంది?"

"రెండు నెలల్లో ఆపరేషన్ అయితాది సార్. మళ్ళా కండ్లొస్తాయి."

"నాకు పుస్తకం ఈ నెలలో కావాలి."

తలుపు చాటున ఈయన భార్య నిలబడి ఉంది. "పాపం పెద్దమనిషి, పిలిపించగూడదా?" అంది. ఈయన ఆమె వైపు చూశాడు. ఆమె లోపలికి పోయింది. ఈయన రెండో బూటు చేతికి తీసుకుని, మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"అయినా నా దగ్గరికి ఎందుకొచ్చినావు? ఆయన్ని తీసేసింది శెట్టి. నిజం చెప్పాలనుంటే ప్రెస్సులోనే చెప్పొచ్చు. చెప్పే ఉద్దేశం ఉన్నవాడు ప్రెస్సు దాటుకుని ఇంత దూరం నడిచి రాడు. పో, పోయి శెట్టికి చెప్పు. నేను కాదనను."

తల కొట్టేసినట్టయింది. ఒళ్ళంతా మండిపోతూ నడిచాను. చెప్తాను, ఇప్పుడే పోయి చెప్తాను, వీడి మాట అబద్ధం చేస్తాను, అని పళ్ళు కొరుకుతూ వచ్చాను. మాటలు కూడా కూర్చుకున్నాను. శెట్టన్నా, తప్పు నాది, నన్ను తీసేసి చిచ్చాని పిలువు, అని. టీ అంగడి ముందు చిచ్చా నా అడుగుల చప్పుడు విని తలెత్తాడు. "వచ్చినావా బేటా? ఈ పొద్దు లేటయింది," అన్నాడు. "ఇప్పుడే వస్తా చిచ్చా," అని రోడ్డు దాటి లోపలికి పోయాను.

శెట్టి తలెత్తి చూశాడు. "యాడికి పోయినావప్పా ఇంతసేపు? పని అట్లే పడుంది. నువ్వింక ఖాదర్ కేసు కాడ కూర్చో. కిటికీ పక్కన, ఎల్తురు బాగుంటాది."

"సరేన్నా," అని పోయి కూర్చున్నాను.